పరవాలేదు అను మాట

మన ఇండ్లలో ఆడపిల్లకు మొదట నేర్పు మాటలలో "పరవాలేదు" అనునది యొకటి. కడుపు నొచ్చినను పరవాలేదు. పండుగనాడు అందరికి వడ్డించిన పిమ్మట తనకు కూర మిగులకున్నను పరవాలేదు. జ్వరముతో పొయ్యి ముందు నిలిచినదానిని ఎవరైన పలుకరించినచో పరవాలేదనియే ఆమె బదులు చెప్పవలెను. ఈ మాటలో ఓర్పు కలదు, మర్యాద కలదు; దానిని నేను నిందింపను. కాని యీ మాట పలుకగూడని చోటు ఒకటి కలదు. అచట దానిని పలికిన స్త్రీ తనకు ప్రతికూలముగ తానే సాక్ష్యము చెప్పినదగును. ఆ చోటు అంగవైకల్యమును నిర్ణయించు వైద్యుని బల్ల. మా చిన్నమ్మను ఆ బల్ల యెదుటికి సిద్ధపరచుటకు నాకు మూడు వారములు పట్టెను. అందులో కాగితములకు పట్టినది నాలుగు దినములు మాత్రమే; తక్కిన కాలమంతయు ఈ యొక్క మాటకే చెల్లినది.

చిన్నమ్మ, అనగా మా తల్లికి చెల్లెలు, ఖైరతాబాదులోని చింతల్‌బస్తీలో ఒక గదిలో ఒంటరిగ నివసించుచున్నది. వయస్సు 54. రెండేండ్ల ప్రాయమున వచ్చిన జ్వరముతో ఎడమకాలు పడిపోయినది. నోట వేయు పోలియో చుక్కలు ప్రభుత్వపు టీకాల కార్యక్రమములో చేరినది 1979లో. అప్పటికి ఆమె ఎడమచేతిని తొడపై ఆనించి, ప్రతి యడుగునకు కాలిని తానే త్రోసికొనుచు నడచుట నేర్చి చాల కాలమైనది. మన దేశమున సహజముగ వచ్చిన పోలియో చివరిసారి కనబడినది 2011 జనవరిలో, బంగాళములోని హౌరా జిల్లాలో. 2014 మార్చిలో మనము ఆ రోగమునుండి విముక్తులమైనట్లు ప్రపంచారోగ్యసంస్థ ధ్రువపరచినది. రోగము పోయినది గాని అది విడిచిపోయిన కాళ్లు ఇంకను మన వీధులలో నడచుచునే యున్నవి.

ఆమె ఏడవ తరగతి వరకు చదివినది. ఎనిమిదవ తరగతి మేడమీద నుండెను. చదువు అచటితో నిలిచినది. పెండ్లి మాట ఎవరును ఎత్తలేదు. కుట్టుపని నేర్చి, కుడికాలితోనే మిషను త్రొక్కి, ముప్పదేండ్లకు పైగా వీధిలోని ఆడువారందరికి రవికెలు కుట్టి తన తిండి తాను తిన్నది. రెండేండ్ల క్రిందట ఆ కుడిమోకాలు కూడ మొరాయించినది. పోలియో సోకిన ఎన్నో దశాబ్దముల పిదప కొందరికి కండలలో మిగిలిన బలము మరల తగ్గుట వైద్యులెరిగిన విషయమే. అంతకాలము రెండు కాళ్ల పని ఒక్క కాలు చేసినప్పుడు అది అలసిపోవుటలో వింత యేమున్నది?

ఇన్నాళ్లు ఆమెకు ధ్రువపత్రము ఎందుకు లేదని చదువరులు అడుగవచ్చును. మా తాత బ్రతికి యున్నప్పుడు ఎవరో ఆ ప్రస్తావన తెచ్చినచో, "నా బిడ్డ కుంటిదని సర్కారు కాగితం మీద రాయించుకొని రావాల్నా?" అని కసరెనట. ఆయన పోయిన తరువాత చిన్నమ్మయే, "కుట్టుకొని తింటున్న గద, నాకెందుకు?" అనుచు వచ్చినది. తండ్రి మాటలో పరువు, కూతురి మాటలో అభిమానము. రెంటి ఫలితము ఒక్కటే. రైలు రాయితీ లేదు, బస్సు పాసు లేదు, పింఛను లేదు. అవమానమని తలచి తండ్రి వ్రాయింపని సంగతిని ఆమె కాలు మాత్రము ప్రతి యడుగునను వీధికంతటికి చెప్పుచునే యుండెను.

శాసనము సంగతి కొంత చెప్పవలెను. అంగవైకల్యము గలవారి హక్కులకై ఒక చట్టము 1995లో వచ్చినది. అందు ఏడు విధములైన లోపములు పేర్కొనబడినవి. దాని స్థానమున 2016లో వేరొక చట్టము చేయబడి 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చినది. ఇందు 21 విధములు కలవు. తలసీమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వ్యాధి, పార్కిన్సన్ వ్యాధి, ఆటిజము, ఆమ్లదాడివలన కలిగిన వికృతి మున్నగునవి క్రొత్తగ చేరినవి. కంటికి కనబడని లోపమును గూడ శాసనము ఒప్పుకొన్నది గనుక, ఇంటిలోని పెద్దలును ఒప్పుకొనవలసిన దినము వచ్చినది. 40 శాతము లోపమున్నచో చట్టములోని ముఖ్యమైన సౌకర్యములు వర్తించును. ఉమ్మడి రాష్ట్రములో మొదలైన 'సదరం' శిబిరములలో మన వైపు ఈ శాతమును నిర్ణయించుచుండిరి. 2025 నుండి తెలంగాణములో కేంద్రప్రభుత్వపు యూడీఐడీ పద్ధతి వచ్చినది. లోపము 40కి తక్కువైనచో తెలుపు కార్డు, 40 నుండి 80 లోపల పసుపుపచ్చది, 80 మొదలు నీలిరంగుది.

పింఛను ఉమ్మడి రాష్ట్రపు చివరి దినములలో నెలకు 500 రూపాయలు. తెలంగాణ మేర్పడిన 2014లో 1,500 అయినది, 2019లో 3,016, 2023లో 4,016. ఆంధ్రప్రదేశమున 2024 జూలైలో దానిని 6,000 చేసిరి. చిన్నమ్మకు ఈ అంకెలన్నియు ఒక్క వస్తువులోనికి మారినవి. కుట్టుమిషనునకు బిగించు చిన్న విద్యుత్తు మోటారు ఒకటి కలదు. అది యున్నచో కాలితో త్రొక్కనక్కరలేదు. మేము కొనియిత్తుమన్నచో ఆమె ఒప్పుకొనదు. "నా పైసలతోని నేను కొనుక్కుంట" అనును. పింఛను మాత్రము నీ పైసలా యని నేనడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "అది సర్కారుది. సర్కారు అందరిది. నాది కూడ" అన్నది. అంగవైకల్యపు పింఛను భిక్షము కాదని నిరూపించుటకు పండితులు పుటలు నింపుచుందురు. ఇంతకన్న చక్కగ చెప్పినవారిని నేనింకను చదువలేదు.

ఆమె లెక్కకు నేనొకటి చేర్తును. పాఠశాల తరగతిని మేడ యెక్కించినది మనము. బస్సు మెట్టును మోకాలి యెత్తున కట్టినది మనము. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణములో స్త్రీలు ఆర్టీసీ బస్సులలో టిక్కెట్టు లేకయే ప్రయాణించుచున్నారు, మంచి పని. కాని ఆ మొదటి మెట్టు ఎక్కలేని స్త్రీకి టిక్కెట్టు ఉచితమైన నేమి, కాకున్న నేమి? ఎక్కలేని మెట్లను కట్టిన సంఘము ఎక్కలేనివారికి నెలనెల కొంత చెల్లించుట దయ యెట్లగును?

ఇక పరీక్ష. చేతులు, కాళ్లు, వెన్నెముక లోపములను ఎట్లు కొలువవలెనో కేంద్రప్రభుత్వము 2018 జనవరిలో ప్రకటించిన సూచనలలో కలదు. వానిని 2024 మార్చిలో సవరించిరి. వైద్యుడు కీలు ఎన్ని డిగ్రీలు వంగుచున్నదో చూచును. కండ బలమును సున్న మొదలు అయిదు వరకు తరగతులుగ నిర్ణయించును: సున్న యనగా కదలిక లేదు, మూడు అనగా ఆ యవయవమును తన బరువునకు మాత్రము ఎత్తగలుగును, అయిదు అనగా పూర్తి బలము. కాలి పొడవు తగ్గినదేమో టేపుతో కొలుచును. రెండు లోపములున్నచో వానిని నేరుగ కూడరు. పెద్దదానిని పూర్తిగ తీసికొని, తొంబదికి అది యెంత తక్కువో ఆ పాలు మేరకే చిన్నదానిని కలుపుదురు. ఒకటి 40, మరియొకటి 20 అయినచో మొత్తము 60 కాదు, సుమారు 51. ఈ లెక్క తెలిసిన పిదప నాకొక సంగతి స్పష్టమైనది. అక్కడ కొలువబడునది కాలు గాని నడక కాదు. ఎడమకాలిని మోసి మోసి చెడిన కుడిమోకాలిని, చేతికర్ర ఒత్తిడికి నొచ్చు భుజమును నోరు విప్పి చెప్పినచో వైద్యుడు చూచును. చెప్పకున్నచో ఆయనకు తెలియు మార్గమేది?

ఇంగ్లండులో 2013లో వచ్చిన యొక భృతికి ఇట్టి పరీక్షయే కలదు. అచటి నిబంధన యొకటి నాకు నచ్చినది. ఒకడు ఒక పనిని చేయగలడని వ్రాయుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను: దానిని అపాయము లేకుండ చేయగలడా? సరియైన తీరున చేయగలడా? అవసరమైనన్ని మారులు మరల మరల చేయగలడా? తగిన కాలములో ముగింపగలడా? అచటి పరీక్షపైనను ఫిర్యాదులకు కొదువ లేదు. అప్పీలు చేసి గెలిచినవారు వేలకొలది కలరు. అయినను ఆ నాలుగు ప్రశ్నలు బంగారము వంటివి. మన నియమములలో అవి లేకున్నను మన నోటుపుస్తకములో ఉండగూడదని యెవరనిరి? నేను చిన్నమ్మ కొరకు వానిని తెలుగులో వ్రాసి గోడకు అంటించితిని.

నోటుపుస్తకమే మా సిద్ధపాటులోని ముఖ్యభాగము. నూరు పుటలది కొని, ప్రతి రాత్రి ఆ దినము జరిగినది వ్రాయుమని చెప్పితిని. మొదటి రాత్రి ఆమె వ్రాసినది ఒక్క పంక్తి: "పొద్దున లేచిన. పని చేసుకున్న. పండుకున్న." మరునాడు నేను ప్రక్కన కూర్చుండి ప్రశ్నలు వేసితిని. లేచుటకు ఏమి పట్టుకొంటివి? మంచపు కోడు. నీళ్లెవరు పట్టిరి? ఎదురింటి పిల్ల. ఎందుకు? నల్లా దగ్గర తడిగా ఉంటది, జారుతది. ఎన్నడైన జారితివా? "ఎన్నడో ఒకసారి" అన్నది. ఒకసారియేనా యని రెట్టించినచో, శ్రావణమాసములో ఒకసారి, దసరాకు ముందు ఒకసారి, మొన్న స్నానాల గదిలో ఒకసారి యని తేలినది. ఈ మూడింటిలో ఒక్కదానిని గూర్చియు మాయింట ఎవరికిని తెలియదు. మొన్నటి దానికి మోచేయి ఇంకను కమిలియే యున్నది.

కిరాణా దుకాణము ఆమె గుమ్మమునుండి నాకు 60 అడుగులు. చిన్నమ్మ రెండు చోట్ల ఆగును: మొదట కరెంటు స్తంభము వద్ద, పిదప ఒకరి అరుగు మీద. పోయి వచ్చుటకు 25 నిమిషములు. అది మంచి దినమున. వారములో మంచి దినములు ఎన్ని యని లెక్కించితిమి; నాలుగు వచ్చినవి. తక్కిన మూడు దినములలో ఆమె దుకాణమునకు పోలేదు. ఉన్న పప్పుతో, ఒకనాడు పచ్చడి మెతుకులతో సరిపెట్టుకొన్నది. వైద్యుడు "దుకాణానికి పోగలవా?" అని అడిగినచో ఆమె "పోగలను" అని చెప్పియుండెడిది. అది అబద్ధము కాదు. కాని వారములో మూడు దినములు అది నిజమును కాదు. ఈ సూక్ష్మము చదువురాని వారికే గాదు, బాగుగ చదివిన మన గృహములలోను తెలియదు. మనము మంచి దినమును చూపి, చెడ్డ దినమును గది తలుపు వెనుక దాచుదుము.

పదియవ రాత్రికి ఆమె తానే వ్రాయసాగినది. అక్షరము పెద్దది, వంకరది, కాని మాట సూటిది. "ఇయ్యాల రెండు రవికెలు కుట్టిన. మునుపు ఆరు కుట్టేదాన్ని. మధ్యల నాలుగుసార్లు లేచి కాలు చాపుకున్న. రాత్రి పిక్క పట్టేసి నిద్ర రాలే." ఈ నాలుగు వాక్యములు చదివినప్పుడు నా గొంతు పూడినదని చెప్పుటకు నాకు సిగ్గు లేదు.

సిద్ధపాటులో రెండవ భాగము ఇరుగుపొరుగు హితోక్తులను తప్పించుకొనుట. చిరిగిన చీర కట్టుకొని తల విరబోసికొని పొమ్మని ఒకామె చెప్పినది. లోనికి పోగానే ఏడువుమని మరియొకామె. వీధి చివర ఒక మధ్యవర్తి యుండును. అతడు కొంత సొమ్మిచ్చినచో కావలసిన అంకె తెప్పింతునని చెప్పెను. చిన్నమ్మ అతనితో, "నా కాలు ఉన్నదున్నట్టు సూపిస్తే సాలదా? దానికి నీ సొమ్ము కలపాల్నా?" అన్నది. ఇట్టి మధ్యవర్తుల పుణ్యమెట్టిదో 2025లో ఆంధ్రప్రదేశమున కనబడినది. తప్పుడు ధ్రువపత్రములు కలవని అచట అంగవైకల్యపు పింఛనుదారులను మరల పరీక్షించిరి. శాతము తగ్గినదని యెందరికో నోటీసులు వచ్చినవి. కొన్నవాడు కొన్నదానిని పోగొట్టుకొనుటలో అన్యాయము లేదు. వానివలన, నిజముగ మంచము పట్టినవాడు గూడ ఆటోలో పడుకొని మరల ఆసుపత్రికి పోయి, తాను తానేనని నిరూపించుకొనవలసి వచ్చుటయే అన్యాయము. తక్కువ చెప్పుట మొగమాటము, ఎక్కువ చెప్పుట మోసము. ఉన్నంత చెప్పుటకు మాత్రము అభ్యాసము కావలెను.

అభ్యాసమని నేను వేడుకకు వ్రాయలేదు. సాయంకాలములు నేను వైద్యుని పాత్ర వహించి కుర్చీలో కూర్చుండెడి దానను. "ఏమమ్మా, ఎట్లున్నది?" అని నేనడుగగానే ఆమె నోట అప్రయత్నముగ "పరవాలేదు సారూ, మీ దయ" అని వచ్చును. నేను బల్ల తట్టుదును, ఆమె నవ్వును, మరల మొదటికి. "ఎట్ల వచ్చినవు?" అని అడిగినచో "నడిచొచ్చిన" అనును. ఎక్కడినుండి? "గేటు కాడినుంచి." ఎవరు పట్టుకొనిరి? "నువ్వే." ఎన్నిసార్లు ఆగితివి? "మూడుసార్లు." మరి ఆ సంగతి యెవరు చెప్పవలెను? ఆమె తలవంచుకొని, "పెద్దోళ్ల ముంగట మన బాధలు ఏకరువు పెడితే బాగుంటదా బిడ్డా?" అన్నది. ఈ ప్రశ్నకు నావద్ద తేలికయైన జవాబు లేకపోయెను. తన బాధను తక్కువచేసి చెప్పుటయే సభ్యతయని ఏబదేండ్లు నేర్పి, ఒక్క దినమున దానిని విడువుమనుట కఠినమే.

అప్పుడామె నుమాయిషు సంగతి చెప్పినది. నాంపల్లి యెగ్జిబిషను మైదానములో ప్రతియేట జనవరి యొకటవ తేదీని మొదలగు ఆ ప్రదర్శన 1938 నుండియు ఈ నగరపు పండుగ. ఆమెకు పన్నెండేండ్లప్పుడు ఇంటిల్లిపాది పోయిరి. ద్వారము దాటిన కొంత దూరమునకే కాలు నొచ్చినది. "పరవాలేదు, మీరు చూసి రండి, నేనిక్కడ కూసుంట" అన్నదట. మిఠాయి దుకాణము ప్రక్కన బల్లమీద మూడు గంటలు కూర్చున్నది. తరువాత ఎవరును ఆమెను రమ్మని పిలువలేదు. ఆమెకు అట్టివానియందు ఇష్టము లేదని ఇంటిలో స్థిరపడిపోయినది. "ఆ దినం ఎత్తుకొని తిప్పమంటే మా నాయిన తిప్పేటోడే" అని ఆమె మెల్లగ అన్నది. పిదప ఆ సాయంకాలమున అభ్యాసము సాగలేదు. మరునాడు మాత్రము నేను బల్ల తట్టవలసిన పని రాలేదు.

బట్టల విషయము పైకి చిన్నదిగ తోచును గాని స్త్రీలకు చిన్నది కాదు. కాలిని తొడవరకు చూడనిదే వైద్యుడు కండబలమును నిర్ణయింపలేడు. ఈ భయముచేతనే పరీక్షకు పోని స్త్రీలను నేనెరుగుదును. చీర మోకాలి పైకి తీయుటకన్న పింఛను లేకుండుటయే మేలని వారి యూహ. చిన్నమ్మకు కొత్త చీర కట్టుకొనవలెనని కోరిక. పెద్ద డాక్టరు ముందుకు పోవుట యామెకు పేరంటము వంటిది. చివరకు దినమును కట్టు నేతచీరయే కట్టి, దానిక్రింద వెడల్పైన పైజామా తొడిగితిమి. దానిని సులువుగ పైకి మడువవచ్చును. లోపల ఒక నర్సునో, తోడు వచ్చిన స్త్రీనో దగ్గర నుండనిమ్మని అడుగవచ్చునని ఆమెకు ముందే చెప్పితిని. అడుగవచ్చునను నొక్క మాట ఆమెకు ఎంత ధైర్యమిచ్చెనో చెప్పలేను. ఇంట వాడు కర్రను మరువరాదు. వైద్యుని యెదుట బాగుండదని దానిని ద్వారము వద్ద దాచిపోవువారు కలరట.

కాగితముల సంగతి వేగముగ ముగింతును. ఆధారు, ఫోటో, ఇప్పటి ఎక్సురేలు, మోకాలికి మందిచ్చు వైద్యుని చీటీలు. పాత ఆసుపత్రి కాగితములు 2000 ఆగష్టులో నగరమును ముంచిన వరదలో తడిసి పోయినవి. పోలియో కాలికి పాత కాగితము లేకున్నను కాలే సాక్ష్యము. మానసికరోగము, మూర్ఛ వంటివానికి మాత్రము చికిత్స చీటీలు ఒక్కటియు పారవేయరాదు. ఆబిడ్సులో అన్నిటికి మూడేసి నకళ్లు తీయించి, అసళ్లు వేరు సంచిలో నుంచితిమి.

ఆసుపత్రి నాంపల్లి వైపునది. నేను ముందుగ ఒకనాడు ఒంటరిగ పోయి గేటునుండి గది వరకు ఎన్ని అడుగులో, మధ్య కూర్చుండుటకు బల్ల యెచట నున్నదో, స్త్రీల మరుగుదొడ్డికి మెట్లున్నవో లేవో చూచి వచ్చితిని. ఇది చాదస్తమని మా యింటివారు నవ్విరి. ఖైరతాబాదులో మెట్రో యెక్కినచో లక్డీకాపూల్, అసెంబ్లీ దాటగనే నాంపల్లి. స్టేషనులలో లిఫ్టులు కలవు. చిక్కు మెట్రోలో లేదు, బస్తీనుండి స్టేషను వరకు గల గోతుల బాటలో కలదు. కావున ఆటోలోనే పోయితిమి.

ఆ దినము గూర్చి ఎక్కువ వ్రాయుటకేమియు లేదు. రెండు గంటలు వేచితిమి. వైద్యుడు యువకుడు, అలసియున్నాడు, బయట నూరుమంది కలరు. కాలు చూచి, కొలిచి, "ఇంకేమైన ఉందా అమ్మా?" అని తల యెత్తకయే అడిగెను. నేను నోరు తెరువలేదు. తెరువవద్దని ఆమె ముందే నాచేత ఒట్టు వేయించుకొన్నది. చిన్నమ్మ నోటుపుస్తకము తెరచి, "కుడిమోకాలు కూడ చూడున్రి సారూ. వారంల మూడు దినాలు అది నన్ను లేపదు. ఈ సంవత్సరం మూడుసార్లు పడ్డ, తారీకులు రాసిన" అన్నది. ఆయన అప్పుడు తల యెత్తెను. కుడిమోకాలిని వంచి చూచెను, ఎక్సురేను వెలుతురునకు పట్టెను, మరల ఏదియో వ్రాసెను.

కార్డు వచ్చినది, పసుపుపచ్చది, 62 శాతము. నిర్ణయము న్యాయము కాదని తోచినవారు అప్పీలు చేసికొనుటకు 2016 చట్టములోని 59వ సెక్షను వీలు కల్పించుచున్నది. మాకు ఆ పని పడలేదు. పింఛను దరఖాస్తు వేరు, దాని దారి వేరు. అది ఇంకను కార్యాలయములోనే కలదు. మోటారు ధర మాత్రము చిన్నమ్మ ఆబిడ్సులో కనుగొని వచ్చినది.

నోటుపుస్తకములో ముప్పది పుటలకు పైగా మిగిలినవి. వానిలో ఇప్పుడు ప్రక్క గదిలోని బాలుని సంగతి వ్రాయబడుచున్నది. వానికి తొమ్మిదేండ్లు, చెవులు సరిగ వినబడవు. వినికిడి లోపమునకు పింఛను హద్దు 40 కాదు, 51. పెదవుల కదలిక చూచి వాడు సగము మాటలు గ్రహించును గనుక వినుచున్నాడనియే తల్లి భ్రమ. చిన్నమ్మ వానిని గోడవైపు తిప్పి నిలిపి, వెనుకనుండి పేరు పెట్టి పిలుచుచు, ఎన్ని పిలుపులకు ఎన్నిసార్లు తిరిగినది లెక్క వ్రాయుచున్నది. నిన్నటి పుటలో పదింటికి రెండు.